పాత పిస్టన్

నాలుగింటికి వస్తానంది అమ్మడు. ఇప్పుడు మూడూ ఐదు. ఇంకా యాభై ఐదు నిమిషాలుంది, ఈలోగా నేను ఒక అబద్ధాన్ని అల్యూమినియం మీద గీయాలి. షెడ్డు తలుపుకి లోపల గడియ పెట్టుకున్నాను. పైన రేకులు ఎండకి సాగి ఉండుండి టక్కుమంటున్నాయి, అలా అన్నప్పుడల్లా ఎవరో తలుపు తట్టారనుకుని ఉలిక్కిపడుతున్నాను. ఎడమ చేతిలో పిస్టన్, కుడి చేతిలో ఆకురాయి. పిస్టన్ పెద్దదేం కాదు, పిడికిట్లో పట్టేస్తుంది, ఇరవయ్యారేళ్ళు ఇనుప చీకట్లో ఉండి బయటికొచ్చినా బుగ్గలు నున్నగా ఉన్నాయి. ఆ నునుపే నన్ను చంపుతోంది. పక్కన స్టాండు మీద బండి నిలబడి ఉంది. ట్యాంకుకి ముదురెరుపు రంగు, అంచున సన్నటి బంగారు గీత, సైలెన్సర్ మీద నా మొహం సాగిపోయి కనిపిస్తోంది. ఆరునెలల కిందట ఇదే మూల టార్పాలిన్ కింద ముందు చక్రం వంకరపోయి, సీటు స్పాంజిలో ఎలకలు కాపురం పెట్టి, గోడవైపు మొహం తిప్పుకుని ఉండేది. అన్నయ్య బండి. అన్నయ్య దీని మీదే పోయాడు. అమ్మడు అన్నయ్య కూతురు. తన కోసమే దీన్ని బాగుచేశాను, ఇవాళ మొదటిసారి స్టార్ట్ చేస్తాం, తను నడుపుతుంది. పిన్ని చేతి టీ తాగి, బండెక్కి, వంతెన దాకా వెళ్ళొస్తానంది. వంతెన దాకా. ఆ మాట ఫోన్‌లో ఎంత మామూలుగా అందంటే, పాలు తెచ్చుకోవడానికి వెళ్ళొస్తా అన్నట్టు.

ఆ వంతెన గోడకే కదా అన్నయ్య గుద్దుకున్నది. పొద్దున పది గంటలకి, పొడి రోడ్డు మీద, ఎదురుగా ఒక్క బండీ లేనప్పుడు. అప్పుడు అమ్మడికి ఐదు నెలలు, నాకు ఇరవైనాలుగేళ్ళు. ఆ ముందురోజు సాయంత్రం ట్యాంకు నింపే పని నాది. ఇది టూ స్ట్రోక్ బండి, ఉత్త పెట్రోలు పోస్తే సరిపోదు, లెక్క ప్రకారం ఆయిల్ కలపాలి, ట్యాంకు మూతకే దాని కొలత గిన్నె ఉంటుంది, పోసి బండిని అటూ ఇటూ ఊపాలి. కలపకపోతే లోపల పిస్టన్ వేడెక్కి ఉబ్బి, చుట్టూ ఉండే బోరు గొట్టానికి అతుక్కుపోతుంది, పరుగులో ఉన్న బండి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, మనిషి గాల్లో ఉంటాడు. పొద్దున అన్నయ్య బాత్‌రూమ్ తలుపు దగ్గరకొచ్చి, "ఒరేయ్, ఆయిల్ కలిపావా?" అన్నాడు. నా నోట్లో బ్రష్షుంది. "ఊఁ, కలిపా" అన్నాను. కలిపానా? అన్నయ్య పోయిన పదకొండో రోజు నుంచి ఈ ప్రశ్న నాలో మొదలైంది, ఇవాళ్టిదాకా ఆగలేదు. ఒక జ్ఞాపకంలో ఆయిల్ గిన్నెలోంచి తేనెలా జారుతూ పెట్రోల్లోకి దిగుతుంది, నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో జ్ఞాపకంలో వీధి చివర్నుంచి ఎవరో పిలిస్తే మూత బిగించేసి పరిగెడతాను, ఆయిల్ డబ్బా కిటికీలో అలాగే ఉండిపోతుంది. అదీ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. రెండిట్లో ఏది జరిగిందో, ఏది నేను కల్పించుకున్నదో తెలీదు. ఎన్నిసార్లు తిరగేశానో, రెండూ ఒకేలా అరిగిపోయాయి.

పదేళ్ళ కిందట ఒకసారి ధైర్యం చేసి టార్పాలిన్ ఎత్తి కిక్కు మీద కాలు పెట్టాను. కదల్లేదు. ఒళ్ళంతా బరువేసి తొక్కినా కదల్లేదు. ఇంజన్ పట్టేసింది, అంతే, ఇంకేం చూడాలి అనుకున్నాను. టార్పాలిన్ మళ్ళీ కప్పేశాను, మీద ఒక ఇటుక కూడా పెట్టాను, ఎవరో లేచొస్తారన్నట్టు. పాత ఇనుము కొనేవాడు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇచ్చేస్తే శిక్ష తప్పించుకున్నట్టు. మా ఆవిడ నవ్వేది, "ఆ బండిని అమ్మరు, నడపరు, పోనీ దాని పేర రేషన్ కార్డయినా రాయించండి" అని. ఆవిడకీ చెప్పలేదు. నేను రెండు చక్రాల బండి ఎక్కకపోవడానికి నడుం నొప్పి కారణమని చెప్పుకున్నాను, పెళ్ళయినప్పటి నుంచీ ఆ నొప్పికి ఆవిడ పాపం నూనె కూడా రాస్తోంది.

గరగర. ఆకురాయి ఒక్కసారి లాగాను. వెండి పొడి మోకాలి మీద రాలింది. లోతుగా పడిందా? పిస్టన్ పట్టేసినప్పుడు పడే గీతలు నిలువుగా ఉంటాయి, పొగ బయటికి పోయే వైపున ఎక్కువ. తల నుంచి కిందికి గోళ్ళతో గీరినట్టు. అడ్డంగా ఒక్కటి పడినా అబద్ధం బయటపడుతుంది. నాకు తెలియని పనా ఇది, కళ్ళజోళ్ళ దుకాణంలో ముప్పై ఏళ్ళుగా అద్దాలు అరగదీస్తున్నాను. గీతలు పోగొట్టడమే నా బతుకు. జనం తెచ్చిన అద్దాన్ని వెలుగుకి పెట్టి చూస్తే చాలు, ఇది జేబులో తాళాలతో పాటు పెట్టుకున్నది, ఇది పిల్లాడు నేల మీద రుద్దినది, ఇది కోపంలో విసిరికొట్టినది అని చెప్పేస్తాను. మనిషి ఏం చెప్పినా సరే, గీత వేరే చెబుతుంది. అలాంటివాణ్ణి ఇవాళ కూర్చుని గీతలు పెడుతున్నాను. మూడూ పదిహేను. మోచెయ్యి బల్లకి ఆనించాలి.

గురువారం పొగాయన చూడకుండా ఉంటే బాగుండేది. పొగాయన అంటే పాత టూ స్ట్రోక్ బండ్ల మెకానిక్, ఈ ఊళ్ళో ఇక ఒక్కడే మిగిలాడు, ఎప్పుడూ నీలం పొగ వాసన వేస్తాడు కాబట్టి ఆ పేరు. మొదట్లోనే ఆయన దగ్గరికెళ్ళి పిస్టన్ పోయింది, కొత్తది వెతికి పెట్టండి అన్నాను. "విప్పావా?" అన్నాడు. లేదన్నాను. "విప్పకుండా ఎలా తెలిసిందయ్యా, కలలోకొచ్చి చెప్పిందా?" అని నవ్వాడు. తెలుసు లెండి అన్నాను. ఇంజన్ని చిట్టచివరికి వాయిదా వేశాను. ట్యాంకు, ఫోర్కు, చక్రాలు, వైర్లు, అన్నీ అయ్యాక, ఇక విప్పడానికి ఏమీ మిగలనప్పుడు, ప్లగ్గు రంధ్రంలోంచి కిరసనాయిలు పోసి పదిరోజులు నానబెట్టాను. బుధవారం కిక్కు మెత్తగా కిందికి దిగింది, ఎవరో లోపల నిద్రలో ఒత్తిగిల్లినట్టు. హెడ్డు తీశాను, బోరు పైకి లాగాను, కళ్ళు మూసుకుని పిస్టన్ మీద వేలు పెట్టాను. నున్నగా తగిలింది. అటు తిప్పి తడిమాను, నున్నగానే ఉంది. కళ్ళు తెరిచాను. అంచుల్లో పల్చటి తుప్పు, అది పట్టేసింది ఇన్నాళ్ళూ, ఆ కాస్త తుప్పు. ఇంజన్ అడుగు గదిలో గోధుమరంగు జిగురు, పాత ఆయిలు, వేలికి అంటుకునేంత. పిస్టన్‌ని గుడ్డలో చుట్టి మర్నాడు పొగాయనకి చూపించాను. అద్దం పెట్టుకుని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "దీనికేం రోగం? దివ్యంగా ఉంది. ఆయిలు కడుపునిండా తాగింది. రింగులు మార్చి ఇదే వేసుకో" అన్నాడు.

అంటే కలిపాను. నేను ఆయిల్ కలిపాను. ఆ దుకాణం మెట్టు మీదే కూలబడ్డాను. ఇరవయ్యారేళ్ళ మొయ్యలేని మూట ఎవరో భుజం మీంచి దించినట్టయింది. పొగాయన కంగారుపడి నీళ్ళిచ్చాడు, తాగాను, నవ్వాను, ఆయన చెయ్యి పట్టుకుని ఊపాను. ఇంటికి నడిచొస్తుంటే సగం దారిలో ఆ నవ్వు ఆగిపోయింది. మరి ఎందుకు పోయాడు?

షెడ్డులోకొచ్చి తలుపేసుకుని వెతికాను. తప్పు ఎక్కడో ఉండాలి కదా, బండిలోనే ఉండాలి కదా. నేను విప్పి డబ్బాల్లో దాచిన పాత సామానంతా నేల మీద పరిచాను. ముందు బ్రేకు తీగ తెగలేదు. వెనక బ్రేకు కడ్డీ, దాని చివర నట్టు, దాని పిన్నుతో సహా ఉంది. బ్రేకు షూలు సగం కూడా అరగలేదు. యాక్సిలరేటర్ తీగ ఎక్కడా పట్టుకోలేదు. గొలుసు తెగలేదు. ఒక్కొక్కటీ తిప్పి చూసి పక్కన పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు వంతెన దగ్గర పంచనామా రాసిన కానిస్టేబులు. పొట్టిగా ఉండేవాడు, జలుబు చేసుంది, ముక్కు ఎగబీల్చి, "రోడ్డు మీద టైరు చార కూడా లేదండీ, విచిత్రం" అన్నాడు నాతో. నేను విన్నాను. ఆ మాట చెవిలో పడింది, అక్కడే ఉండిపోయింది. చక్రం బిగుసుకుపోతే నల్లటి చార పడాలి. బ్రేకు తొక్కినా చార పడాలి. అదేమీ లేదు. బండి మంచిది, రోడ్డు మంచిది, గోడ ఎక్కడుండాలో అక్కడే ఉంది. అంటే అన్నయ్యే... ఆ వాక్యం చివరిదాకా ఇప్పటికీ నేను లోపల కూడా పలకలేదు. పలకను. ఇంకో గీత గీస్తాను.

ఇప్పుడు అన్నీ తోసుకుంటూ వస్తున్నాయి, ఇన్నాళ్ళూ నా తప్పు వెనక దాక్కున్నవన్నీ. అన్నయ్య నీటి సరఫరా ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు, పెన్సిలు పట్టుకుంటే గీత వెంట్రుకలా వచ్చేది. ఆఖరి నాలుగు నెలలు ఇంట్లో గీయడం మానేశాడు. ఒక కాలికి బూటు తొడుక్కుని రెండోది చేతిలో పట్టుకుని అరగంట కూర్చునేవాడు. వదిన "ఆఫీసుకి టైమవుతోంది" అంటే, "ఊఁ, వెళ్తున్నా" అనేవాడు, ఎక్కణ్ణుంచో. సాయంత్రాలు వాకిట్లో స్టాండు వేసిన బండి మీద ఊరికే కూర్చునేవాడు, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, స్టార్ట్ చెయ్యకుండా. ఆ ఆఖరి నెలలోనే నన్ను పిలిచి కార్బొరేటర్ విప్పడం నేర్పాడు, ప్లగ్గు శుభ్రం చెయ్యడం, ఆయిల్ కొలత, అన్నీ ఒక నోటుపుస్తకంలో బొమ్మలతో రాసిచ్చాడు. "నాకెందుకు అన్నయ్యా, నువ్వున్నావుగా" అన్నాను. నా వేలికంటిన మసి తన లుంగీ అంచుతో తుడిచాడు. నాకు బండి ఇస్తాడేమో, కొత్తది కొనుక్కుంటాడేమో అని లోలోపల సంబరపడ్డాను. ఇరవైనాలుగేళ్ళ గాడిదని. సంబరపడ్డాను.

మూడున్నర. తలుపు తట్టింది మా ఆవిడ. "ఏం గీకుతున్నారు లోపల? పళ్ళు పులుస్తున్నాయి ఆ చప్పుడికి."

"తుప్పు" అన్నాను.

"కొత్త బండికి తుప్పేంటి? సరే గానీ, చెయ్యి కడుక్కుని చొక్కా మార్చుకోండి, పిల్ల వచ్చేస్తుంది." చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళిపోయింది.

పిల్ల వచ్చేస్తుంది. అదే నా భయం. ఈ ఆరునెలలుగా ఆదివారం ఆదివారం వస్తోంది. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది, విరిగినవాళ్ళని నిలబెట్టి నడిపించే పని, చేతులు అన్నయ్యవే, పొడుగ్గా, తొందరలేకుండా ఉంటాయి. ట్యాంకు తుప్పు అంతా తనే గీకింది. వచ్చిన మొదటి వారాల్లో మాట్లాడేదే కాదు, గరుకు కాగితంతో ఒకే చోట రుద్దుతూ ఉండిపోయేది, "అమ్మడూ, అక్కడ అయిపోయింది" అంటే ఉలిక్కిపడి చూసేది. ఒకసారి గుమ్మంలో ఒక చెప్పు వేసుకుని, రెండో చెప్పు వైపు చూస్తూ నిలబడింది. ఎంతసేపో. చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. అప్పుడు ఎందుకో తెలీలేదు, గురువారం తెలిసింది. ఇలాంటిది నెత్తురులో దిగుతుందంటారు. నిజమో కాదో నాకు తెలీదు. కానీ వాళ్ళ నాన్న ఆ దారిలో నడిచాడని తెలిస్తే, ఆ దారి ఒకటుందని తెలిసినట్టే కదా. తెలియని దారిలో ఎవరూ పోరు. అందుకే పొగాయన వెతికి తెచ్చిన కొత్త పిస్టన్‌ని ఇంజన్లో బిగించి, ఈ పాతదాన్ని బయట ఉంచుకున్నాను. తను అడుగుతుంది, తప్పక అడుగుతుంది, ఏం పాడైంది బాబాయ్ అని. ఇది చేతిలో పెట్టి చెబుతాను, ఆయిల్ కలపలేదు, కలిపానని అబద్ధం చెప్పాను, మీ నాన్న ఇంటికి తిరిగి రావాలనే బయల్దేరాడు, నేనే రానివ్వలేదు. నన్ను అసహ్యించుకోనీ. ఇక్కడికి రావడం మానెయ్యనీ. ఇరవయ్యారేళ్ళు మోసినవాణ్ణి, ఇంకో ఇరవై మొయ్యలేనా? అలవాటైన బరువే. నిజం చెప్పొద్దూ, ఆ బరువు లేని ఈ మూడు రోజులూ నాకు నడవడం చేతకావడం లేదు.

వదినకి కూడా చెప్పబోయాను ఒకసారి. పోయిన ఏడాది ఆసుపత్రిలో, ఆవిడ ఆఖరి వారంలో. గదిలో ఎవరూ లేరు, సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ కూర్చుని, "వదినా, ఆ రోజు పెట్రోల్లో ఆయిలు నేను..." అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసి, మెల్లగా గోడవైపు తిరిగిపోయింది. తెలుసన్నమాట, క్షమించలేదన్నమాట అనుకుని లేచొచ్చేశాను. మళ్ళీ మాట్లాడుకోలేదు. ఐదో రోజు పోయింది.

చాలు, ఇంకో నాలుగు గీతలు గీస్తే చాలు, ఆ మీద కాస్త పాత మసి రుద్దితే ఇరవయ్యారేళ్ళ నాటివే అనిపిస్తాయి. మసి గుడ్డ ఎక్కడ పెట్టాను. సీటు కింద చూస్తున్నాను, బల్ల కింద చూస్తున్నాను, అప్పుడు వినిపించింది గేటు. నాలుగు కాలేదు, ఇరవై నిమిషాలు తక్కువుంది. "బాబాయ్!" అని పిలుస్తూనే వస్తోంది. గడియ తీశాను. ఇంకేం చెయ్యను.

గుమ్మంలో వెలుగుకి వీపు పెట్టి నిలబడింది. బండిని చూడలేదు. నన్నే చూసింది. "ఇంజన్ విప్పావా?" అంది.

"విప్పాను." పిస్టన్ తన చేతిలో పెట్టాను. నేర్చుకున్న మాటలు నేర్చుకున్నట్టే వచ్చాయి. "చూడు. పట్టేసింది. ఆ రోజు నేను ఆయిల్ కలపలేదమ్మా. కలిపానని చెప్పాను మీ నాన్నకి. తప్పు నాది."

పిస్టన్‌ని చూసింది. చూడ్డానికి పట్టిన సమయం చాలా తక్కువ. దాన్ని బల్ల మీద పెట్టి నా కుడిచెయ్యి పట్టుకుంది, తన రోగుల చెయ్యి పట్టుకున్నట్టు, మణికట్టు కింద బొటనవేలు పెట్టి వెలుగువైపు తిప్పింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, అరచేతి గీతల్లో అంతా వెండి పొడి. మోకాళ్ళ మీద కూడా ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"బాగానే ఉంది కదా ఇది," అంది. "నువ్వు గీకకముందు."

చెయ్యి వెనక్కి లాక్కుని మోకాళ్ళ మీది పొడి దులుపుకున్నాను.

"అమ్మకి మొదట్నుంచీ తెలుసు బాబాయ్. నాన్న ఆ రోజు గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చాడట. ఒకసారి ఉయ్యాల దగ్గర నిలబడ్డాడట, ఒకసారి ఊరికే వంటింటి గుమ్మంలో. మూడోసారి కూడా వస్తాడని అమ్మ తలుపు వెయ్యలేదట, కబురొచ్చేదాకా. నువ్వు ఆసుపత్రిలో ఆయిలు గురించి ఏదో అన్నావటగా. నువ్విన్నేళ్ళూ అలా అనుకుంటున్నావని అమ్మకి అప్పటిదాకా తెలీదు. నీ మొహం చూడలేక అటు తిరిగిందట. నాతో చెప్పి ఏడ్చింది. నోటితో చెబితే వాడు నమ్మడే, ఇంజన్ విప్పితే గానీ నమ్మడు అంది."

స్టూలు మీద కూర్చున్నాను. బల్ల మీద పిస్టన్ ఉంది, నా నిర్దోషిత్వానికి ఉన్న ఒకే ఒక్క ఋజువు, నా చేత్తోనే గీతలు పెట్టుకున్నది. "అయితే నా కోసమా ఈ బండంతా?"

"నాకు నేను అలాగే చెప్పుకున్నాను." తను బండి పక్కన నేల మీద కూర్చుంది, వెనక చక్రానికి వీపు ఆనించి. రేకు టక్కుమంది, ఈసారి ఇద్దరం పైకి చూశాం.

ఇరవయ్యారేళ్ళ కిందట ఒక మనిషి ఒంటికాలి బూటుతో కూర్చుంటే ఇంట్లో ఎవ్వరం అడగని మాట ఒకటుంది. అడిగేశాను. "అమ్మడూ, నీకెప్పుడైనా అలా అనిపించిందా?"

చక్రం ఊచ ఒకటి పట్టుకుని దాన్నే చూస్తూ అంది, "అమ్మ పోయాక ఒకసారి. ఆ రోజే నీకు ఫోన్ చేశాను, బండి బాగుచెయ్యమని. ఏదో ఒకటి కావాలి కదా బాబాయ్. ఆదివారం దాకా ఉండటానికి."

ఇరవై ఆరు ఆదివారాలు. నాకు తెలీకుండా. ఆ మధ్య ఒక ఆదివారం జ్వరంగా ఉంది, ఇవాళ రావద్దమ్మా అందామని ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎందుకో మళ్ళీ పెట్టేశాను. తను తలెత్తి బండిని పైనుంచి కిందిదాకా చూసింది, మొదటిసారి. "అయిపోయింది కదా," అంది. మెచ్చుకుంటున్నట్టు లేదు ఆ గొంతు.

తాళం చెవి జేబులో ఉంది. ట్యాంకు నిండా పెట్రోలుంది, ఆయిలుంది, నిన్న సాయంత్రం ఒక్క తన్నుకే ఇంజన్ పలికింది, ఎవరికీ చెప్పలేదు. లేచాను. పానాల పెట్టె లాగి పన్నెండో నంబరు తీసుకుని తన పక్కన నేల మీద చతికిలబడ్డాను, ఇంజన్ కింది మూత నట్టుకి పానా తగిలించి గట్టిగా ఎడమకి లాగాను. కీచుమని వదులైంది.

"ఎక్కడయింది?" అన్నాను. "గేర్లు ఇంకా విప్పనే లేదు. అందులో ఎన్ని పళ్ళు అరిగాయో ఏంటో. మూడు నెలలు పడుతుంది తక్కువలో తక్కువ."

నా మొహంలోకి చూసింది. నా అబద్ధాలు తనకి ఇప్పుడు బాగా తెలుసు. లేచి వెళ్ళి, బల్ల మీంచి ఖాళీ డబ్బా తీసుకొచ్చి, నట్టు పడేచోట పట్టుకుని కూర్చుంది.